జి. అనసూయ ఎవరు?

నేను ఒక పొడి అక్షరాన్ని. పేరుకు ముందు నిలబడే 'జి'ని. పక్కన ఒక చుక్క తప్ప ఏ ఆస్తీ లేదని నన్ను తీసిపారేయకండి, నా వెనక గంజి వారి వంశమంతా ఉంది.

నేను పుట్టింది ఒక బడిపంతులు చేతిలో. మగ్గం నేసే గంజి నర్సయ్య తన కూతురు అనసూయను బడిలో చేర్చడానికి వస్తే, పంతులు ఆ ఇంటిపేరును కోసి నన్ను రాశాడు. రెండక్షరాల ఇంటిపేరును కూడా కోయాలా, మీరే చెప్పండి! చదువురాని నర్సయ్య నన్ను వింతగా చూసి, "గిది మనమేనా సారూ?" అని అడిగాడు.

అనసూయ రసాయనశాస్త్రం చదివింది. బావి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తక్కువ ఖర్చుతో కొలిచే పద్ధతి కనిపెట్టి వ్యాసం రాసింది. అచ్చులో 'జి. అనసూయ' అని నిలబడ్డప్పుడు నా టెక్కు చూడాల్సింది. పళ్ల డాక్టర్లు, ఎముకల డాక్టర్లు, పశువైద్యులు, చివరికి పల్లెల వలసల మీద రాసేవాళ్లు కూడా ఆ వ్యాసాన్ని ఉటంకించారు. నాకు ఓనమాలు తెలియని శాస్త్రాల్లో కూడా తిరిగొచ్చాను.

తర్వాత చింతకింది వారబ్బాయితో పెళ్లయింది. మంచివాడే, అతనితో నాకు పేచీ లేదు. పేచీ అంతా కాలేజీ ఆఫీసుతో. ఉద్యోగంలో చేరిన రోజే గుమాస్తా, "పెండ్లయింది గద మేడం, ఇంటిపేరు మారాలె" అంటూ నన్ను కొట్టేసి 'సి' పెట్టాడు. మగవాళ్ల అక్షరాలు మాత్రం పెళ్లయినా కదలవు, అదేం చిత్రమో!

అసలు కష్టం ప్రొఫెసర్ పదవి ఇంటర్వ్యూలో వచ్చింది. రిటైరయ్యేలోపు ఆమెకు అదే చివరి అవకాశం. ఎవరి వ్యాసాన్ని ఎందరు ఉటంకించారో చూపే కంప్యూటర్ లెక్కలో జి. అనసూయ వేరు, సి. అనసూయ వేరు. ఉటంకింపులన్నీ నా ఖాతాలో ఉన్నాయి, ఆమె ఖాతా బోసిగా ఉంది. అంతటితో పోలేదు.

"మేడం, మీ కొత్త వ్యాసంల పద్ధతి మొత్తం జి. అనసూయది. ఆమె పనిని ఎత్తుకున్నరు," అన్నాడు కమిటీ పెద్దమనిషి.

"ఆ జి. అనసూయను నేనే సార్."

"కంప్యూటర్ల ఇద్దరున్నరు గద?"

తన పనిని తానే దొంగిలించిందట! నాకు ఒళ్లు మండిపోయింది. నోరుంటే అక్కడే కడిగేసేదాన్ని.

పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని ఆమె తిరగని ఆఫీసు లేదు. చివరికి ఖాతాలు కలుపుతామన్నారు గానీ, ఒక్క పేరే ఉంచాలన్నారు. కంప్యూటర్ ముందు ఆమె వేలు నా దగ్గరే ఆగింది.

"జీతం, ఆధార్ అన్నీ 'సి' మీదనే ఉన్నయి మేడం. 'జి' పెడితే కథ మళ్ల మొదటికొస్తది," అన్నాడు గుమాస్తా.

ఆమె కళ్లు తుడుచుకుని 'సి' నొక్కింది.

ఆమెను తప్పుపట్టలేదని అబద్ధం చెప్పను. బాగా అలిగాను, ఏడ్చాను కూడా. ఉటంకింపులన్నీ 'సి' ఖాతాకు చేరాయి, కమిటీ దొంగతనం మాట వెనక్కి తీసుకుంది. ఆమె ప్రొఫెసరైంది, దండలు పడ్డాయి. నేను లైబ్రరీలో పాత పత్రికల సంపుటాల్లో మిగిలాను. అచ్చయినదాన్ని ఎవరూ చెరపలేరు కదా.

మొన్న ఆమె దగ్గర పరిశోధన చేసే మౌనిక ఆ సంపుటాన్నే తెరిచి తెచ్చింది.

"మేడం, ఈ జి. అనసూయ ఎవరు? మీ పద్ధతికి మూలం ఈమెదే లెక్కుంది. ఇప్పుడు ఏడున్నరు?"

'ఆమెను నేనే' అంటుందని ఎంత ఆశపడ్డానో! అనసూయ ఆ పేజీ మీద నన్ను వేలితో తడిమింది.

"ఉండెనమ్మా," అంది. "మా నాయిన బిడ్డ."