ఒడ్డున ఎవరో ఒకరు

"నువ్వెలాగూ ఒడ్డునే ఉంటావుగా, బట్టలూ ఫోన్లూ చూస్తూ కూర్చో," అన్నాడు మొగుడు, ఇస్త్రీ చేసిన చొక్కా ఆమె చేతిలోంచి అందుకుంటూ. ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. ఆ ఇంటి పెద్దకోడలు దాన్ని నిలబెట్టి, స్విచ్చి తీయడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది. కొత్త మాటేం కాదు. ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఆ రోజెందుకో అది చెవిలోనే ఉండిపోయింది.

సంగతేమిటంటే, మొగుడికీ మరిదికీ, అన్నదమ్ములిద్దరికీ సముద్రం అడుగు చూడాలని బుద్ధి పుట్టింది. ఆఫ్రికా తూర్పు తీరాన చిన్న దీవి ఒకటి ఉందట. అక్కడి నీళ్ళు గాజులా ఉంటాయట. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని దిగితే పగడాల తోటలూ, గుంపులు గుంపులుగా చేపలూ, పెద్దమనుషుల్లా తాపీగా ఈదుకుంటూ పోయే తాబేళ్ళూ కనిపిస్తాయట. స్కూబా డైవింగ్ అంటారు. అన్నకి యాభై దాటాక పట్టుకున్న సరదా అది, తమ్ముడికేమో అన్నని చూసి పట్టుకున్నది. సరదా వాళ్ళిద్దరిదీ, ఏర్పాట్లు మాత్రం ఈమె నెత్తిన పడ్డాయి. అక్కడ ఏ నెలలో గాలులు తగ్గి నీళ్ళు తేటపడతాయో ఈమే కనుక్కుంది. ఆఖరిసారి నీళ్ళలోంచి లేచిన రోజే విమానం ఎక్కకూడదని తెలుసుకుని తిరుగు టికెట్లు మర్నాటికి మార్పించింది. అత్తగారి మోకాళ్ళ కోసం మెట్లు లేని గది వెతికింది. ఇంత వెతుకులాటలో ఆ దీవి తన కళ్ళలో ఎప్పుడు కాపురం పెట్టిందో ఆమెకే తెలియదు. గిన్నెలు తోముతుంటే సింకులో నురగ కింద నీలంగా ఏదో కదిలేది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, కళ్ళు మూసుకుని పగడాల మధ్యకి వెళ్ళిపోయేది. దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులూ ఉన్నాయి.

వెళ్ళాలని ఉందని నోరు తెరిచి అనలేదు. ఎలా అంటుంది? ఆమెకి నీళ్ళంటే భయమని ఊరూవాడా తెలుసు. అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది: "మా పెద్దకోడలికి నీళ్ళంటే చచ్చేంత భయమమ్మా! పెళ్ళయిన కొత్తలో బీచికి తీసుకెళ్తే పాదం తడిపితే ఒట్టు!" మరిది దానికి ఇంకాస్త తాలింపు వేసేవాడు: "వెనక్కి ఒక్క గంతు వేసింది మా వదిన. ఏడ్చింది కూడా." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కాఫీ కప్పులు తీస్తూ తనూ నవ్వేది. పదిమందీ పదే పదే అంటుంటే ఆమే నమ్మేసింది.

ఆఫీసులోనూ అదే తంతు. మధ్యాహ్నం అందరూ కబుర్లాడుకుంటూ టీకి లేచేవాళ్ళు. "అక్కా, కాస్త మా బ్యాగులు చూస్తుండవా?" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఆమె చూస్తుండేది. వచ్చేటప్పుడు ఆమెకో టీ తేవాలని ఎవరికీ తోచేది కాదు.

అన్నదమ్ములు ఈతకొలనులో డైవింగ్ నేర్చుకుంటున్నారు. నేర్పేది ఒక లావుపాటి ఆవిడ, అందరూ కోచమ్మ అంటారు. ఒక ఆదివారం టీవీలో మ్యాచ్ ఉందని ఇద్దరూ సోఫా దిగలేదు. "నువ్వెళ్ళి రాలేమని చెప్పి, నా తువ్వాలు అక్కడే మర్చిపోయాను, తెచ్చెయ్," అన్నాడు మొగుడు. వెళ్ళింది. కోచమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని విని, "వాళ్ళు రాకపోతే పోయె. మీరు దిగండి," అంది.

"అమ్మో, నాకు నీళ్ళంటే భయమండీ."

"ఎప్పట్నుంచి?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జవాబు కోసం వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే ఆ బీచి దగ్గర ఆగింది. అందరూ కేకలు వేస్తూ అలల్లోకి పరిగెత్తుతున్నారు. తనూ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది కదూ! అవును, దోపుకుంది. అంతలో అత్తగారు సంచీ ఇచ్చింది. మరిది కళ్ళజోడు ఇచ్చాడు. మొగుడు తన కొత్త వాచీ తీసి, "జాగ్రత్త, తడవనీకు," అన్నాడు. చెప్పులన్నీ చంకలో. అల ఉరుకుతూ వచ్చింది. వాచీ తడవకూడదని వెనక్కి గంతు వేసింది. ఆ ఒక్క గంతే ఇన్నేళ్ళ కథ అయి కూర్చుంది.

"భయం కాదండీ," అంది నెమ్మదిగా. "ఆ రోజు నా చేతులు ఖాళీ లేవు."

కోచమ్మ నవ్వలేదు. ఆమెకి నల్ల సూటు తొడిగించి, సిలిండరు ఎత్తి వీపుకి కట్టి, ఒక్కో పట్టీ లాగి చూస్తూ, "బిగుతుగా ఉందా తల్లీ? కాస్త వదులు చేయనా?" అంది. పెద్దకోడలికి కళ్ళు చెమర్చాయి. పిల్లల బ్యాగు పట్టీలూ, మొగుడి టై ముడీ, అత్తగారి మోకాలి పట్టీ ఇన్నేళ్ళూ సరిచేసింది తను. తనకి బిగుతుగా ఉందా అని ఎవరు అడిగారు గనక!

"లోపల ఊపిరి మాత్రం బిగబట్టకండి. వదులుతూ, తీసుకుంటూ ఉండాలి, అంతే," అంది కోచమ్మ.

దిగింది. ఆ కొలను అడుగున పగడాలేముంటాయి, పలకలూ, ఎవరిదో జడపిన్నూ తప్ప! కానీ అక్కడ ఎవరూ పిలవడం లేదు. కుక్కరు కూత లేదు. బుడబుడమంటూ ఒక్కటే చప్పుడు వినిపిస్తోంది. అది తన ఊపిరేనని తెలుసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాక్కుంది అనుకుంది.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో కొలను కూడా చేరింది. తడి జుట్టుతో వచ్చి వంటింట్లో దూరేది. మొగుడు, "ఆలస్యమైందేం?" అనేవాడే గానీ జుట్టు వంక చూసేవాడు కాదు.

ప్రయాణం దగ్గర పడింది. ఒక సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్న వేళ దీవి నుంచి ఫోన్ వచ్చింది. సూట్లకి కొలతలు కావాలట. ఆమె నిలబడే ఉండి మొగుడి కొలతలు చెప్పింది, మరిదివి చెప్పింది. ఇంకో ఎత్తు చెప్పింది, ఇంకో బరువు చెప్పింది. ఆ బరువు ఆమె ఎవరి ముందూ పైకి అని ఎరగదు.

"మూడోది ఎవరికి?" అన్నాడు మొగుడు, ముద్ద నోటి దగ్గరే ఆపి.

"నాకు."

మరిది పకపకా నవ్వాడు. "నీకు నీళ్ళంటే భయం కదా వదినా!"

"రెండు నెలల్నుంచీ తడి జుట్టేసుకుని వస్తోంది, మీ కళ్ళకి కనబడలేదట్రా?" అంది అత్తగారు, తల ఎత్తకుండా. నవ్వు ఆగిపోయింది. పెద్దకోడలు అత్తగారి వంక చూసింది. ఆవిడ మజ్జిగ కలుపుకుంటోంది.

"అది కాదోయ్," అన్నాడు మొగుడు. "మరి బట్టలూ ఫోన్లూ ఎవరు చూస్తారు? ఒడ్డున ఎవరో ఒకరు ఉండాలిగా."

ఆమె హ్యాండుబ్యాగు తెరిచి, ఆ సాయంత్రం కొన్న చిన్న తాళంకప్ప తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. "అక్కడ పెట్టెలుంటాయట. ఇది వేస్తే చాలట," అంది.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇన్నేళ్ళ తన కొలువు ఆయన అరచేతిలో ఇమిడిపోవడం చూసింది ఆమె.

"దాన్ని ఒడ్డునే వదిలేద్దాం లెండి," అంది. "పాపం, దానికి నీళ్ళంటే చచ్చేంత భయం."