తొమ్మిదో పదును

"మధ్యాహ్నం ఖాళీగనే ఉంటవ్ గద, జర ఇనుము తవ్విపెట్టు" అన్నాడు ఇంద్రసేన, బూట్ల లేసు కట్టుకుంటూ.

అతని టిఫిన్ డబ్బా మూత నొక్కుతున్న ఉదయశ్రీ చెయ్యి ఆగిపోయింది. ఇనుము తవ్వడమేమిటో తెలియక కాదు. ఆ ఖాళీ అన్న మాట దగ్గర ఆగింది. పొద్దున ఐదింటికి నల్లా వస్తే డ్రమ్ములు నింపింది ఎవరు? అత్తమ్మకు పళ్ళు లేవని ఇడ్లీ మెత్తగా, ఈయనకు పూరీలు వేడిగా, మూడో తరగతి చదివే కూతురు మాధురికి కారం లేకుండా, ఇంతమందికి ఇన్ని రకాలు చేసింది ఎవరు? ఇక గిన్నెలు, బట్టలు, బియ్యంలో రాళ్ళు, అత్తమ్మ కాళ్ళకు నూనె. ఒంటిగంటకు అన్నం తిని కూర్చుంటే రెండున్నరకు మాధురిని తీసుకురావడానికి మళ్ళీ లేవాలి. ఆ గంటన్నరను ఈ ఇంట్లో ఖాళీ అంటారు. దాన్ని కూడా ఎవరికో ఒకరికి ఇచ్చేయకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు.

తవ్వాల్సిన ఇనుము కంప్యూటర్లో ఉంది. ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడ్డ రోజులవి. నారాయణగూడలో ప్రతి రెండో మేడ మీద ఒక కోర్సు బోర్డు వేలాడుతుండేది. ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ అయిన ఇంద్రసేన కూడా నేర్చుకుంటానని తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక కంప్యూటర్ కొన్నాడు. చిక్కడపల్లి సందులో రిక్షా మీద అది దిగుతుంటే పక్కిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అత్తమ్మ విద్యావతి దానికి పసుపు, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చింది. దుమ్ము పడకుండా పూల గుడ్డతో ముసుగు కుట్టింది ఉదయశ్రీ. కుడుతూ కుడుతూ, "నేను గూడ నేర్చుకుంట" అంది. "అది మిక్సీ కాదు ఉదయా, బటన్ నొక్కంగనే తిరగనీకె" అన్నాడతను. అత్తమ్మ నవ్వింది. ఉదయశ్రీ కూడా నవ్వింది. అప్పుడు ఎందుకు నవ్వానా అని ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోర్సు పదిహేను రోజులు నడిచింది. తర్వాత అశోక్‌నగర్లో ఉండే అతని దోస్తు నవీన్ కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఒక ఆట సీడీ పట్టుకొచ్చాడు. అందులో ఒక కోట, కోట చుట్టూ అడవి, అడవి చివర ఒక రాక్షసరాజు. వాడిని చంపాలంటే మామూలు కత్తి పనికిరాదు. కత్తికి ఒక్కొక్క పదును పెంచుకుంటూ తొమ్మిదో పదును దాకా పోవాలి. ఒక్కో పదునుకు ఇనుము తవ్వాలి, బొగ్గు కాల్చాలి, జంతువుల తోలు శుభ్రం చేయాలి, ఆకులు ఉడికించి నూనె తీయాలి, అన్నీ పట్టుకుని కొలిమి దగ్గరికి పోవాలి. ఇంద్రసేనకు నరకడమంటే ఇష్టం. తవ్వడం, కాల్చడం, ఉడికించడం అతనికి విసుగు. అందుకే ఏ మీట నొక్కితే ఏమవుతుందో పది నిమిషాల్లో ఆమెకు చూపించాడు. "కొట్లాట జోలికి పోకు, నీకు రాదు. తవ్వు, కాల్చు, పెట్టెల పెట్టు. అంతే."

ఆ మొదటి మధ్యాహ్నం ఉదయశ్రీకి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. రాజ్యాలు, రాక్షసులు ఉన్న లోకంలోకి కూడా ఈ మనిషి తనను వంటమనిషిగానే తోలుకుపోయాడు. అక్కడా సామాను సర్దేది తను, గెలిచేది ఆయన.

కాని నిజం చెప్పాలి. నెల తిరిగేసరికి ఆమెకు ఆ కొలిమి నచ్చింది. ఎందుకు నచ్చిందో తనే చాలా రోజులు ఆలోచించింది. పొద్దున తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ జిడ్డు. ఉతికిన చొక్కా మర్నాటికి మళ్ళీ మురికి. పదకొండేళ్ళ కాపురంలో ఆమె చేసిన ఏ పనీ చేసినట్టు మిగల్లేదు. ఆ కొలిమిలో మాత్రం కత్తికి ఒక పదును పెడితే అది మర్నాడు కూడా అట్లాగే ఉండేది. ఎవరూ దాన్ని తిని, తాగి, మళ్ళీ ఆమె ముందు పడేసేవాళ్ళు కాదు. ఆ ఒక్క సుఖం కోసం ఒంటిగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూసేది.

ఐదో పదును దగ్గర ఇంద్రసేన మూడుసార్లు కత్తి విరగ్గొట్టాడు. ఒకసారి పదును తప్పితే అంతే, కత్తి ముక్కలై మళ్ళీ మొదటికి వస్తుంది. ఇనుము కొంచెం ఎర్రబడగానే ఆగలేక సుత్తి మీట నొక్కేవాడు. "గేమే ఖరాబున్నది" అని మౌస్ విసిరికొట్టాడు. ఉదయశ్రీ ఒక పాత కత్తి పెట్టుకుని నెమ్మదిగా చూసింది. మంటలో ఇనుము ఎర్రబడుతుంది, తర్వాత నారింజ రంగవుతుంది, ఆ తర్వాత అరిసెలకు పట్టే బెల్లం పాకం రంగు ఒక్క క్షణం వస్తుంది. ఆ క్షణంలో తీస్తే కత్తి నిలుస్తుంది. ఆరో పదును నుంచి నీళ్ళలో ముంచకూడదు, నూనెలో ముంచాలి. ఏడో పదునుకు నూనె కూడా చల్లారి ఉండాలి. ఇదంతా ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పొయ్యి ముందు నిలబడ్డ కళ్ళు చెప్పాయి. క్యాలెండర్ తేదీల కాగితాలు చింపి వాటి వెనక పెన్సిల్‌తో రాసిపెట్టుకుంది. నాలుగు నెలల్లో కత్తి ఎనిమిదో పదునుకొచ్చింది.

ఒకరోజు పక్కింటి లక్ష్మిగారికి విద్యావతమ్మ ఒక కంప్యూటర్ పత్రిక చూపిస్తుంటే టీ ఇవ్వడానికి పోయి ఉదయశ్రీ కూడా చూసింది. అందులో ఇంద్రసేన ఫోటో, కింద 'పాఠకుల కిటుకులు' అని అరపేజీ. అక్షరం అక్షరం ఆమె తేదీల కాగితాల మీద రాసుకున్నదే. పాకం రంగు, నూనె, చల్లారడం, అన్నీ. "మా ఇంద్రకు ఎంత ఓపికనో చూడు లక్ష్మీ, నాలుగు నెలలు దానిముంగటనే కూసున్నడు" అంటోంది అత్తమ్మ. కూర్చున్నది ఎవరో ఆమె రోజూ మధ్యాహ్నం మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. "కోడలు పిల్లకు గా డబ్బా పిచ్చి పట్టింది" అని ఈ లక్ష్మిగారికే చెప్పింది కూడా. అదే పని కోడలు చేస్తే పిచ్చి, కొడుకు చేస్తే ఓపిక. బెల్లం పాకం రంగు ఎట్లా ఉంటుందో పొయ్యి దగ్గరికే రాని మొగవాడికి ఎట్లా తెలిసిందని ఆ పత్రికవాళ్ళు అడగలేదు, లక్ష్మిగారూ అడగలేదు.

ఆ సాయంత్రం అతను చొక్కా విప్పుతుండగానే అడిగింది. "అది నేను కనిపెట్టిన గద, మీ పేరెందుకేసుకున్నరు?"

"ఎవరి పేరైతే ఏందే? నీది నాది వేరేనా?"

"వేరే కాకుంటె నాది వెయ్యరాదుండె?"

"గేమ్ గురించి ఎవరన్న కొట్లాడ్తరా ఉదయా? నలుగురు వింటె నవ్వుతరు. పరేషాన్ చెయ్యకు." తువ్వాలు భుజాన వేసుకుని, వెళ్ళబోతూ, ఆమె మొహం చూసి ఆగాడు. "సరే, ఇప్పుడేం చెయ్యమంటవ్?"

"ఐతారం మీ దోస్తులొస్తరు గద. వాళ్ళ ముంగట ఒక్కసారి చెప్పండి, ఇది ఉదయ చేసిందని. గంతే."

"గింతదానికేనా? చెప్త తియ్" అన్నాడు.

గింతదానికే. మిగతా మూడు రోజులూ ఆ మాటే నమిలింది ఆమె. తనది తనకు రావడానికి ఇంత చిన్నగా అడుక్కున్నందుకు తన మీదే కోపం వచ్చింది. అయినా ఎదురుచూసింది. ఒక్క మాట. పైసా ఖర్చు లేదు, చెమట పట్టదు. అతను ఆ మాట అంటే చాలు, ఈ పదకొండేళ్ళకు గాను ఇంకేమీ అడగనని కూడా మనసులో అనుకుంది. సిగ్గులేని మనసు.

ఆదివారం పదింటికి నవీన్, ఆఫీసులో పనిచేసే అనురాగ్ వచ్చారు. తొమ్మిదో పదును పెట్టి రాక్షసరాజును చంపేది ఇవాళే. ఉదయశ్రీ వంటింట్లో మసాలా నూరుతోంది. ముందుగదిలో మాటలు వినబడగానే మిక్సీ ఆపేసింది.

"ఇంద్రన్నా, ఫోటో మస్తొచ్చింది. గా పాకం ముచ్చట ఎట్ల తోచింది నీకు?" నవీన్ గొంతు.

ఇదే అదను. అతను నోరు తెరిచి ఆమె పేరు ఒక్కసారి అంటే సరిపోతుంది.

"ఓపిక ఉండాలె తమ్మీ. దిమాగ్ పెట్టాలె" అన్నాడు ఇంద్రసేన.

మరిచిపోయాడని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. మరిచిపోతే ఆ గొంతులో ఒక్క క్షణం తటపటాయింపు ఉండదు. ఉంది. ఆమె విన్నది. ఆమె పేరు నాలుక దాకా వచ్చింది, దాన్ని మింగేసి ఆయన దిమాగ్ అన్నాడు. ఆమెకు అరవాలనిపించింది, ఆ మసాలా గిన్నె తీసుకుపోయి ముందుగది నేల మీద కొట్టాలనిపించింది. మళ్ళీ ఆ నేల తుడవాల్సింది తనే గదా అని కూడా తోచి ఇంకా మండింది.

"ఉదయా, చాయ్ తీస్కరా" అని కేక వినబడింది. పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని పోయింది. అతని నుదురు చెమట పట్టి ఉంది. తెర మీద కొలిమి రాజుకుంటోంది. తప్పితే ఎనిమిది పదునులూ పోతాయి. చాయ్ అందుకుంటున్నట్టు వంగి, "ఎప్పుడు తియ్యాలె, జర చెప్పు" అన్నాడు గుసగుసగా.

అనురాగ్ విన్నాడు. "వదినకు గూడ తెలుసా గేమ్?"

"అప్పుడప్పుడు పక్కన కూసుంటది, టైం పాస్‌కు" అన్నాడు ఇంద్రసేన.

ఉదయశ్రీ పళ్ళెం స్టూలు మీద పెట్టింది. "లేవండి."

"ఏంది?"

"కత్తి విరుగుతది. లేవండి."

అతను దోస్తుల వైపు చూసి నవ్వి, "సరే, ఆమె సరదా గూడ తీరనీ" అంటూ లేచాడు. ఆమె కూర్చుంది. ఎరుపు పోయింది, నారింజ పోయింది. "కొట్టు, కొట్టు" అన్నాడు వెనక నుంచి. ఆమె కొట్టలేదు. పాకం రంగు వచ్చింది. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. నూనె. కత్తి నీలంగా మెరిసింది. నవీన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

అప్పుడు తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఎవరూ ఇంతదూరం రాలేదు కాబట్టి దాన్ని ఎవరూ చూడలేదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నవీనే చదివి చెప్పాడు. "ఈ కత్తిని ఎవరు చేసిన్రో పేరు కొట్టమంటుంది అన్నా. ఒకసారి చెక్కితె మళ్ళ పోదంట."

"ఇంద్రసేన అని కొట్టు" అన్నాడు అతను. "పెద్ద అక్షరాలల్ల."

ఆమెకు వంటింటి గూట్లోని గిన్నెలు గుర్తొచ్చాయి. పెళ్ళికి నాన్న కోఠిలో స్టీలు సామాను కొని, కొత్త అల్లుడి మీద గౌరవంతో, గ్లాసు గ్లాసుకూ అతని పేరు చెక్కించి ఇచ్చాడు. ఇంద్రసేన, ఇంద్రసేన, ఇంద్రసేన. ఆ అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మసిని పదకొండేళ్ళుగా గుండుసూదితో తీస్తోంది ఆమె. ఇప్పుడు ముందుగదిలో వాళ్ళు తాగుతున్న చాయ్ గ్లాసుల మీద కూడా అదే పేరు. పుట్టింటి సొమ్ము మీద ఒక్క అక్షరం ఆమెది లేదు. నాన్నకు కూడా తోచలేదు. తనకూ ఇన్నేళ్ళు తోచలేదు.

ఒక్క వేలితో, అక్షరం వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టింది. మూడో అక్షరానికే ఇంద్రసేనకు అర్థమైంది. "ఏయ్, ఏం కొడ్తున్నవ్?" అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె భుజం విదిలించి మిగతాది పూర్తి చేసింది. ఖాయమేనా అని తెర మళ్ళీ అడిగింది. ఖాయమేనంది. కత్తి అలుగు మీద ఉదయశ్రీ అన్న పేరు నెమ్మదిగా చెక్కుకుపోయింది.

నవీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అనురాగ్ అటు అతన్నీ ఇటు ఆమెనూ చూశాడు. లోపలి గదిలోంచి విద్యావతమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏందిది?" అన్నాడు ఇంద్రసేన. "నలుగురి ముంగట ఏంది ఈ పని?"

ఉదయశ్రీ కుర్చీలోంచి లేవలేదు. తల మాత్రం తిప్పి, అతన్నీ అత్తమ్మనూ చూసింది.

"చేసిందెవరని అడిగింది, చెప్పిన" అంది. "పదకొండేండ్లల్ల మీరెవ్వరు అడగలే."