పళ్ళెం పెంకుల బాట

మా ఇంటి పన్ను పెంచింది నా భార్య ఓల్వెన్. ఆమె పోయి నాలుగేళ్ళయింది. అయినా పెంచింది ఆమే. కౌన్సిల్ వాళ్ళు కాగితం మీద అంకె వేశారు, అంతే.

మా ఊరు కరాబిన్ ఒకప్పుడు గోధుమలు పండే ఊరు. రైలు పట్టాల పక్కన గాదెలు, ఒక హోటలు, రెండు చర్చిలు, మూడు వందల ఇళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు నేను ఆ పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేశాను. రైలు ఆగిపోయింది. తర్వాత బ్యాంకు మూసేశారు, హోటలు మూసేశారు. ఇల్లు అమ్మితే మంచి కారు ఒకటి వచ్చేది కాదు. అలాంటి ఇంటికి పన్ను ఎంతుంటుంది? కట్టేవాళ్ళం, మరిచిపోయేవాళ్ళం.

ఊరు అలా పడి ఉండడం ఓల్వెన్‌కు నచ్చలేదు. శుభ్రంగా ఉండే చిన్న ఊళ్ళకు రాష్ట్రంలో ఏటా పోటీ పెడతారు. అందుకోసం కమిటీ వేసింది. ఆమె అధ్యక్షురాలు, పక్కింటి వెర్నా కార్యదర్శి, మిగతా అందరం కూలీలం. కంచెలన్నిటికీ రంగు వేయించింది. పట్టాల పొడుగునా లావెండర్ మొక్కలు నాటించింది. నీళ్ళు మోసింది నేను. మూడో ఏడు గెలిచారు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ ఫొటోలో ఊరు లేదు, మా ఇంటి ముందు బాట ఉంది.

గేటు నుంచి వరండా మెట్టు దాకా పాతిక అడుగుల బాట. ఊరు విడిచి వెళ్ళే ప్రతి ఇంటి ఆడమనిషీ ఓల్వెన్‌కు ఒక పింగాణీ పళ్ళెం ఇచ్చి వెళ్ళేది. అది ఎవరితో మొదలైందో నాకు గుర్తులేదు. ఓల్వెన్ ఆ పళ్ళేన్ని గోనెసంచిలో చుట్టి, సుత్తితో పగలగొట్టి, పెంకులను సిమెంటులో పొదిగేది. నీలం పువ్వులవి బ్యాంకు మేనేజరు భార్య ఇచ్చినవి. ఆకుపచ్చ అంచువి హోటలువి. మెట్టు దగ్గర బంగారు గీత ఉన్నవి వెర్నావి. ఆమె ఊరు విడవలేదు. మొగుడు పోయాక, ఒక్కదాన్ని, ఆరు పళ్ళేలు ఏం చేసుకుంటానని తన పెళ్ళి పళ్ళెం తెచ్చి ఇచ్చింది. ఊరు ఖాళీ అయినకొద్దీ మా బాట పొడుగైంది.

ఫొటో చూసి నగరం నుంచి జనం వచ్చారు. ముందు శనివారాలు వచ్చి, గేటు బయట నిలబడి బాటకు ఫొటోలు తీసుకునేవారు. ఓల్వెన్ టీ కూడా ఇచ్చేది. తర్వాత ఇళ్ళు కొన్నారు. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే ఏడు ఇళ్ళు శుక్రవారం సాయంత్రం తెరుచుకుంటాయి, ఆదివారం మూతబడతాయి. కప్పు కూలిన చివరి ఇల్లు కూడా ఎవరూ నమ్మని ధరకు పోయింది. ఆ ధర పట్టుకుని కౌన్సిల్ వాళ్ళు వీధి మొత్తానికి విలువ కట్టారు. అప్పటికి ఓల్వెన్ లేదు. నోటీసు నాకొచ్చింది.

నాకు రెండు వారాలకొకసారి పింఛను వస్తుంది. కొత్త పన్ను ఏడాదికి రెండు పింఛన్లు మింగి మూడోదానికి నోరు తెరిచింది. ఇలాగే సాగితే రెండేళ్ళలో ఇల్లు అమ్మి, అరవై కిలోమీటర్ల అవతల ముసలివాళ్ళ హాస్టల్లో మంచం అడగాలి. నేను అడగను.

కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నెమ్మదిగానే మాట్లాడింది.

"కష్టాల్లో ఉన్నవాళ్ళకి ఒక ఫారం ఉంది విల్ఫ్ గారూ. మీరు ఇప్పుడేం కట్టక్కర్లేదు. ఇంటి మీద రాసుకుంటాం, వడ్డీతో తర్వాత తీసుకుంటాం."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"అంటే... మీ తర్వాత."

"నేను పోయేదాకా కాచుకుని కూర్చుంటారన్నమాట."

"అయ్యో, అలా అనకండి."

"మరెలా అనాలో నువ్వే చెప్పు."

ఇంకో ఫారం ఇచ్చింది. ఇంటి విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం పెడితే ఒక మనిషి వచ్చి చూసి మళ్ళీ కడతాడట. సంతకం పెట్టాను. గురువారం వస్తామన్నారు.

నార్మ్ నాతో పట్టాల మీద పనిచేసినవాడు. బ్రెడ్డు కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సంగతి విని నవ్వాడు.

"నీ ఇల్లు చూసి ఎవడు తగ్గిస్తాడ్రా? గేటు తీస్తే బొమ్మల పోస్టుకార్డు! ముందు ఆ వాకిలి పాడుచెయ్. విలువ కట్టేవాడికి చూడగానే ఏడుపు రావాలి. నేనైతే చూరు నుంచి రేకు ఊడదీసి వేలాడదీస్తా."

"నీ ఇంటికి అంత కష్టం ఎందుకు? వాకిట్లో నువ్వు నిలబడితే చాలు."

"నవ్వుకోరా. హాస్టల్లో కూడా నవ్వుకుందువుగాని. అక్కడ సాయంత్రం అయిదింటికే తినిపించి పడుకోబెడతారట."

బుధవారం పొద్దున షెడ్డులోంచి గడ్డపార తీశాను. గ్యాంగులో నాకిచ్చిందే. గేటు దగ్గర మొదలుపెట్టాను. ఓల్వెన్ సిమెంటు గట్టిగా కలిపేది. నీలం పువ్వులు లేవడానికే గంట పట్టింది. ఆకుపచ్చ అంచులు తేలిగ్గా వచ్చాయి. మధ్యాహ్నానికి మెట్టు దగ్గరికి చేరాను. డెబ్భై ఎనిమిదేళ్ళవాణ్ణి, గడ్డపార మీద ఆనుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ పొడిచాను.

వెర్నా కంచె అవతల ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.

"ఏం చేస్తున్నావ్ విల్ఫ్?"

"పన్ను తగ్గిస్తున్నా."

"అది నా పెళ్ళి పళ్ళెం."

"పగలగొట్టింది ఓల్వెన్. నేను కాదు."

ఆమె కంచె మీదుగా వంగి ఊడిన పెంకుల వంక చూసింది.

"నీకు పిచ్చి పట్టిందనుకున్నా. పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది, క్షమించేదాన్ని."

లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి రెండు బకెట్లతో వచ్చి, నా వంక చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరుకుంది. నేను వద్దనలేదు. సాయం చేయలేదు.

గురువారం వచ్చింది మగవాడు కాదు, డేనా అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి. గేటు తీసి, చిందరవందరగా ఉన్న మట్టిలో ఆగిపోయింది.

"ఇక్కడ ఒక బాట ఉండాలి కదా సార్? పేపర్లో చూశాను. అది చూడొచ్చనే ఈ ఊరి పని అడిగి మరీ తీసుకున్నా."

"తీసేశాను. దానికి ఎంత తగ్గుతుంది?"

ఆమె నా మొహం చూసింది, మట్టి వంక చూసింది. జవాబు చెప్పడానికి ఆమెకు ఇష్టం లేదు. చెప్పక తప్పదని కూడా తెలిసింది.

"బాటలకీ పూలమొక్కలకీ మేం విలువ కట్టం సార్. స్థలం, ఇల్లు, చుట్టుపక్కల అమ్మకాలు. అంతే."

"ఉన్నా లేకపోయినా ఒకటేనా?"

"ఒకటే."

తర్వాత ఇల్లంతా చూపించాను. పగుళ్ళు, చెమ్మ, తలుపు సరిగా మూతపడని వంటగది. ఆమె టార్చి పట్టుకుని ఇంటి కిందికి పాకింది. మావి చెక్క ఇళ్ళు, మొద్దుల మీద నిలబడతాయి. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది.

"కింద తొమ్మిది మొద్దులు పుచ్చిపోయాయి. దీనికి తగ్గుతుంది. ఇదొక్కటి చూపించినా సరిపోయేది సార్."

"నాకెవరు చెప్పారు?"

ఆమె తొమ్మిది మొద్దులూ కాగితం మీద రాసుకుంది. మంచి పిల్లే. ఆమె మీద నాకు కోపం లేదు. మిగతా అందరి మీదా ఉంది.

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. పన్ను నూట నలభై డాలర్లు తగ్గింది. మిగతాది కట్టడానికి కారు అమ్మాను. వచ్చే ఏడు ఏం అమ్మాలో అప్పుడు చూస్తాను. ఇంట్లోనే ఉన్నాను. బ్రెడ్డు కొట్టుకు నడిచి వెళతాను. శ్మశానం ఆ దారిలోనే ఉంది. ఆగను.

ఒక ఆదివారం వెర్నా వచ్చింది. పెంకులన్నీ కడిగి, రంగుల వారీగా డబ్బాల్లో పెట్టిందట. కమిటీ వాళ్ళు వచ్చే శనివారం బాట మళ్ళీ వేస్తారట. నేను ఒట్టినే కూర్చుంటే చాలునట.

"వద్దు."

"నీకోసం కాదు విల్ఫ్. ఓల్వెన్ కోసం."

"అది చేసిన దానికే నేను పన్ను కడుతున్నా."

"ఊరు బాగుండాలనుకోవడం తప్పా?"

"బాగుంది కదా ఊరు. ఉండేవాళ్ళేరీ?"

మర్నాడు సిమెంటు తెప్పించి గేటు నుంచి మెట్టు దాకా బూడిదరంగు బాట పోసేశాను. వెర్నా డబ్బాలు ఆమె షెడ్డులోనే ఉన్నాయి. శనివారాలు ఇంకా ఎవరో ఒకరు పాత పేపరు ముక్క పట్టుకుని గేటు దగ్గర ఆగుతారు, పెంకుల బాట ఎక్కడుందని అడుగుతారు. ఆ ఊరు ఇది కాదని చెప్పి పంపేస్తాను.

అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కలిపి ఇదంతా ఒక్కసారే చెప్పాను. ఇక వెర్నా వచ్చి కూర్చుని అడిగినా సరే, ఆ బాట మాట నా నోట రాదు.