పెడలు కింద తుమ్మచెక్క

పోస్టుమాన్ చిన్నబ్బ వచ్చి రిపేరు షెడ్డు ముందు సైకిలుకు స్టాండు వేసేసరికి మెకానిక్కు గురప్ప కారు కింద వెల్లకిలా పడుకుని ఆయిలు మరకలు చూసుకుంటున్నాడు. ప్రతి ఉదయం అతను మొదట చేసే పని అది. రాత్రి ఇంజను కింద పాత వార్తాపత్రిక పరిచి పోతాడు. తెల్లారాక దాని మీద ఎన్ని చుక్కలు పడ్డాయో చూస్తే ఇంజను రాత్రంతా ఎలా ఉందో తెలిసిపోతుంది. మొదటి రోజు పదకొండు చుక్కలు. ఈ రోజు ఒకటే, అదీ చింతగింజంత.

"గురప్పన్నా, మద్రాసు నుంచి కార్డొచ్చిండాది. బయటికి రాప్పా."

"నువ్వే సదువు."

"ఇంగ్లీసబ్బా. అంకె మాత్రం తెలస్తా ఉండాది. ఇరవై ఏడు."

గురప్ప మడమలతో నేలను తన్నుకుంటూ బయటికి జరిగాడు. ముందు కూర్చున్నాడు, తర్వాత బంపరు పట్టుకుని లేచాడు. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు రెండు విడతలుగా తప్ప లేవనివ్వవు. చేతులకు గ్రీజు ఉందని కార్డు ముట్టుకోలేదు. చిన్నబ్బ పట్టుకుని చూపిస్తుంటే మెడ ముందుకు చాచి ఆ అంకెనే చూశాడు. నంబరు వచ్చిందంటే షోలవరం కారు పందేలకు ఈ కారును ఒప్పుకున్నట్టే. ఆదివారం పందెం. ఈ రోజు గురువారం.

"మంచి కబురేనా అన్నా?"

"మంచిదే," అన్నాడు గురప్ప. గుండె మీద ఎవరో చెయ్యి వేసి నొక్కినట్టుంది. సంతోషమే అయి ఉంటుందనుకున్నాడు.

కారు యజమాని దామోదరం పావుగంటలో స్కూటరు మీద వచ్చాడు. గాంధీ రోడ్డులో వాళ్ళకు బట్టల కొట్టుంది. నలభై దాటినవాడు, లావుపాటి మనిషి, తెల్ల చొక్కా తప్ప వేసుకోడు. కొట్టులో గల్లా పెట్టె ముందు కూర్చునే తండ్రికి ఈ కారు సంగతి తెలియదు. అందుకే పందెం ఉత్తరాలన్నీ షెడ్డు చిరునామాకు వస్తాయి. కార్డు రెండుసార్లు చదివి, తెల్ల చొక్కా సంగతి మరిచిపోయి బానెట్టును కౌగిలించుకున్నాడు.

"ఇరవై ఏడన్నా! కూడితే తొమ్మిది! మన్ని ఇంగ ఎవుడూ పట్టుకోలేడు."

"చొక్కాకు నల్లగా అంటుకున్యాది సూడప్పా. ఇంటికి పోతే మీ నాయనకు ఏం సెప్తావు?"

"పెండ్లాం కాటుక అని సెప్తా."

గురప్ప నవ్వాడు. నవ్వితే పక్కటెముకల దగ్గర నొప్పి పుట్టింది.

ఆ కారును మొదటిసారి చూసినవాళ్ళకు ఎవరికైనా నవ్వే వస్తుంది. తోక కోయించుకున్న పిల్లిలా ఉంటుంది. వెనక డిక్కీ ఉండదు. అద్దంతో సహా వెనక తలుపు మొత్తం గొడుగులా పైకి లేస్తుంది. చిత్తూరు దగ్గర ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరు ఇంగ్లండు సీమకు తిరిగి పోతూ వదిలేసిన ఆస్టిను అది. ఎనిమిదేళ్ళు చింతచెట్టు కింద ఎండకూ వానకూ నిలబడింది. దామోదరం దాన్ని లారీకి తాడుతో కట్టి ఈడ్చుకొచ్చిన రోజు, వెనక సీటులో ఒక కోడి పదమూడు గుడ్లు పొదుగుతూ ఉంది. దారి పొడుగునా అది లేవలేదట. గురప్ప దాన్ని ఎవరినీ లేపనివ్వలేదు. పిల్లలు కిచకిచలాడుతూ షెడ్డంతా తిరిగిన మరునాడే స్పానరు చేత పట్టాడు.

ఏడు నెలల పని. తుప్పు తినేసిన అడుగు భాగాన్ని కోసి, నూనె పీపాల రేకు చదును చేసి అతికించాడు. చచ్చిన ఇంజను తీసేసి, దెబ్బ తిన్న అంబాసిడరు కారులోంచి దాని ఇంజను తెచ్చాడు. అది లోపల పట్టలేదు. రేడియేటరును ముందుకు జరిపాడు, బానెట్టుకు మూపురం పెట్టాడు. కొత్త పిస్టన్లు వేశాడు. హెడ్డును లేతు మిషను మీద వెంట్రుకవాసి చొప్పున అరగదీయించాడు. ఒక కార్బొరేటరు ఉండే చోట రెండు బిగించాడు. స్టార్టు చేసిన రోజు చప్పుడుకు పక్కనున్న సైకిలు షాపు గోడ మీది కేలండరు ఊడి పడింది. దామోదరం చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. గురప్ప మాత్రం ఇంజను ఆపి, తన పనిముట్ల పెట్టె అడుగు నుంచి ఒక తుమ్మచెక్క తీసి, యాక్సిలరేటరు పెడలు కింద నాలుగు స్క్రూలతో బిగించాడు.

కొత్త పిస్టన్లు సిలిండరుకు అలవాటు పడాలంటే ఐదు వందల మైళ్ళు మెల్లగా నడపాలి, ముప్పై మైళ్ళ వేగం దాటకూడదు. అందుకే మైళ్ళ మీటరును కూడా సున్నాకు తిప్పాడు. ఆ చెక్క ఉంటే పెడలు మూడో వంతుకు మించి దిగదు. గురప్పకు ఎవరి కాలి మీదా నమ్మకం లేదు. తన కాలి మీద అసలే లేదు.

ఆ చెక్క అతని చేత్తో కోసిందే. పద్నాలుగో ఏట చిత్తూరులో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో క్లీనరుగా చేరాడు. డీజిలు దండగని ఆ సావుకారు ప్రతి బస్సుకూ పెడలు కింద చెక్క కొట్టించేవాడు. గురప్ప మెకానిక్కు అయ్యాక చెక్కలు కోసే పని కూడా అతనికే వచ్చింది. కొన్ని వందలు కోశాడు. రిపేరు చేసిన బస్సును రోడ్డు మీద నడిపి చూసేదీ అతనే, ఆ చెక్కలు అడ్డం ఉండగానే. తన పెళ్ళివాళ్ళను ఎక్కించుకున్న బస్సు కూడా శ్రీకాళహస్తి నుంచి అదే నడకన వచ్చింది. ముహూర్తం తప్పుతుందని మామగారు కిటికీలోంచి అరుస్తూనే ఉన్నారు. కంపెనీ మూతపడిన రోజు కడపటి బస్సు నుంచి ఊడదీసిన చెక్క ఇది. ఎందుకు దాచుకున్నాడో అతనికే తెలియదు.

"మీటరు ఎంతలో ఉండాది?" అడిగాడు దామోదరం.

"నాలుగు వందల ముప్పై ఆరు. ఈ పొద్దు పూతలపట్టుకు పోయి వస్తే ఐదు వందలు."

"అబ్బ! అయితే రేపు కట్టె తీసేయొచ్చు!"

గురప్ప గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. వారం రోజులుగా ఈ మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు.

"దామోదరప్పా, ఒకటి అడగాల."

"అడుగన్నా. పందెం గెలిస్తే నీకు పట్టుపంచె."

"పంచె వద్దులే. కట్టె తీసినాక మొదటి తూరి... కింద దాకా... నేను తొక్కుతా."

దామోదరం పెద్దగా నవ్వాడు. "నువ్వా? నువ్వు తొక్కితే కారు నిద్రపోతాది. యాడన్నా ఉండాదా అన్నా? కొన్నోడిది కదా మొదటి తొక్కుడు. నా తర్వాత నీ ఇష్టమొచ్చినట్ల తొక్కు."

"అంతే అంతే," అన్నాడు గురప్ప వెంటనే. అడిగినందుకు తనే సిగ్గుపడ్డాడు. దామోదరం స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు.

గురప్ప అన్నం క్యారియరు పక్క సీట్లో పెట్టుకుని తొమ్మిదిన్నరకు బయలుదేరాడు. జనవరి ఎండ తేటగా ఉంది. చంద్రగిరి కోట మీదుగా చిలకల గుంపు ఒకటి పోయింది. తలనీలాలు ఇచ్చి కొండ దిగిన కుటుంబం ఒకటి రోడ్డు పక్క నడుస్తోంది. గంధం పూసిన గుండ్లు ఐదు, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా మెరుస్తున్నాయి. గురప్పకు ముద్దొచ్చింది. ఈ వేగంలో ప్రయాణిస్తే అన్నీ కనిపిస్తాయి, అది మాత్రం నిజం. వెనక నుంచి వచ్చిన ప్రతి బస్సూ హారను కొట్టి అతన్ని దాటిపోయింది. చెరకు బండ్లను మాత్రం అతను దాటాడు.

పూతలపట్టు కూడలిలో టీ కొట్టు నాగరత్నమ్మ, ఎనిమిది రోజులుగా రోజూ వచ్చి ఆగే అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"వచ్చినావా సామీ? నువ్వు ఆ మలుపులో కనపడినాక పాలు పొయ్యి మీద పెట్టినా, కాగి చల్లారి పాయ."

"ఈ పొద్దే కడాకు, నాగరత్నమ్మా. రేపట్నుంచి ఉరుకుతాది."

"నువ్వు తోలతావా?"

"కొన్నాయన తోలతాడు."

ఆమె అతని ముఖం వైపు చూసింది. "ఏందట్ల సెమట్లు పట్టినాయి నీకు? ఎండ కూడా అంత లేకపాయ. కూచో, కూచో." టీలో ఇంకో చెంచా చక్కెర వేసి కలిపింది. గురప్ప బల్ల మీద కూర్చుని క్యారియరు విప్పాడు. భార్య శకుంతలమ్మ రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. సగం కూడా పోలేదు. టీ మాత్రం తీపి తీపిగా గొంతు దిగుతుంటే హాయిగా ఉంది. గ్లాసు అడుగు దాకా తాగాడు.

తిరుగుదారిలో పాకాల క్రాసు దాటాక రోడ్డు రెండు మైళ్ళు గీత గీసినట్టు ఉంటుంది. అటూ ఇటూ చెనిక్కాయ పీకేసిన బీళ్ళు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. గురప్ప కారును ఓరకు తీసి ఆపాడు.

స్క్రూడ్రైవరు చొక్కా జేబులోనే ఉంది. తలుపు తెరిచి, మోకాళ్ళ మీద వంగి, పెడలు కిందికి తల దూర్చాడు. ఎనిమిది రోజుల దుమ్ము, గ్రీజు కలిసి నాలుగు స్క్రూల తలలూ పూడిపోయాయి. ఒకదాని గాడిలోని మడ్డి గీకాడు. మొన పెట్టి తిప్పాడు. అర చుట్టు వదులైంది. ఇంకో మూడు ఉన్నాయి, అంతే. రెండు మైళ్ళు తొక్కి, మళ్ళీ బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది? అరికాల్లో ఏదో జివ్వుమంది. బస్సుల నాటి నుంచి ఆ కాలు చెక్కను తాకి ఆగిపోతూనే ఉంది. ఆ కిందికి ఇంకా ఎంత ఉంటుందో దానికి తెలియదు.

తల పైకెత్తి మీటరు చూశాడు. నాలుగు వందల డెబ్బై ఎనిమిది.

ఇంకా ఇరవై రెండు మైళ్ళు. దామోదరానికి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇంజనుకు తెలుస్తుంది.

గురప్ప వదులు చేసిన స్క్రూను తిరిగి బిగించాడు. వంగి లేచినందుకేమో ఎడమ భుజం లాగేసింది. కాసేపు స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. తర్వాత గేరు వేసి, ముప్పై మైళ్ళ వేగంలో, ఆ రెండు మైళ్ళ రోడ్డునూ ఓపికగా దాటాడు.

రేణిగుంట రోడ్డులోని షెడ్డు చేరేసరికి ఒంటిగంట దాటింది. గుమ్మం దగ్గరే మీటరు ఐదు వందలు చూపించింది. కారును లోపల పెట్టి, కొత్త వార్తాపత్రిక తెచ్చి ఇంజను కింద పరిచాడు. ఇంటికి పోయే ఓపిక లేదు. వెనక తలుపు పైకి లేపాడు. సీటు తీసేసిన చోట చదునైన రేకు, పైన తలుపు నీడ. మనిషి నడుం వాల్చడానికి సరిగ్గా సరిపోయేంత. సీమలో దొరసానులు దీన్ని ఇందుకే చేయించుకున్నారేమో అనుకుంటే నవ్వొచ్చింది. కాళ్ళు బయటికి వేలాడేసి పడుకున్నాడు.

వేడెక్కిన ఇంజను చల్లారుతూ టిక్కు, టిక్కు మంటోంది. అలాంటి చప్పుడు వింటే అతనికి అన్నం తిన్నంత తృప్తి. కళ్ళు మూసుకుని ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య ఎంతసేపు పడుతోందో చూడసాగాడు. మొదట గబగబా వచ్చాయి. తర్వాత ఎడం పెరిగింది. ఇంకా పెరిగింది. కడపటి టిక్కు ఎప్పుడు వచ్చిందో అతను వినలేదు.

నాలుగు గంటలకు దామోదరం వచ్చాడు. ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన చొక్కా గుడ్డ.

"అన్నా, లెయ్‌. కాపీ తెచ్చినా. నీ చొక్కాకని గుడ్డ తీసుకోని మీ ఇంటికాడికి పోయింటి. వదిన ఏమనిందో తెలుసునా?" ఫ్లాస్కు మూత విప్పి షెడ్డులోని గ్లాసులోకి కాఫీ పోశాడు. "వారం నుంచి పొద్దున్నే గడ్డం గీసుకుంటా, అద్దంలో సూసి, 'దామోదరప్పా, ఒకటి అడగాల, దామోదరప్పా, ఒకటి అడగాల' అని సెప్పుకుంటా ఉండావంట. ఏందన్నా నువ్వు! పొద్దున ఇంకొక్క మాట గట్టిగా అనింటే నీ సొమ్మేం పోయిండును? నేను ఎగతాళి చేస్తే నువ్వు తిట్టల్ల కదా!"

గురప్ప పలకలేదు. వార్తాపత్రిక మీద ఒక్క మరకా పడలేదు.

"సరే, ఇను. రేపు పొద్దున ఆరింటికి. ఈ రోడ్డు మీదనే. కట్టె నువ్వే తీస్తావు, నువ్వే తొక్కుతావు. కింద దాకా. నేను పక్కన కూచుంటా. కండ్లు మూసుకోమంటే మూసుకుంటా. మాట ఇచ్చినా. సరేనా? లెయ్‌ అన్నా, ఆరిపోతాది."

వేలాడుతున్న పాదాన్ని పట్టుకుని ఊపాడు. పాదం చల్లగా ఉంది. దామోదరం దాన్ని వదిలిపెట్టలేకపోయాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టడం కూడా తెలియక, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో ఆ పాదాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి పెడలు కింది తుమ్మచెక్క మీద పడింది. దాన్ని పట్టి ఉంచిన నాలుగు స్క్రూలలో మూడింటి గాళ్ళు మడ్డితో పూడిపోయి ఉన్నాయి. నాలుగోదాని గాడి మాత్రం శుభ్రంగా మెరుస్తోంది.