గోడ మీది పెట్టె ఎవరి మనిషి?

వంటింట్లో నీళ్ల జాడీ దగ్గర నేను జారిపడ్డాక, నా కొడుకు ఖియేమ్ కన్ థో పట్నం నుంచి ఒక పెట్టె తెచ్చి గోడకు బిగించాడు. కొత్త తరం నెట్‌వర్కట. కెమెరా లేదు. టవరు తరంగాలే ఇల్లంతా తిరిగి, మనిషి నిలుచున్నదీ పడిపోయినదీ కనిపెడతాయట.

"కన్ను లేకుండా చూడ్డమేమిట్రా? మీ నాన్నా ఇంతే, నిద్రపోతున్నట్టే ఉండి అంతా వినేవాడు."

"నీ సంగతులు నా ఫోనుకి తప్ప ఎక్కడికీ పోవమ్మా."

ఒంటరిగా పడిపోతే ఎవరికీ తెలియదన్న భయం నాకూ ఉంది. అందుకే ఉండనిచ్చాను.

నెల తిరక్కుండానే ఎవరో పిల్ల ఫోను చేసింది. తేనె పూసిన గొంతు.

"బామ్మా, తెల్లవారేలోగా మాటిమాటికీ లేస్తున్నారట కదా? మా దగ్గర మంచి మాత్రలున్నాయి."

నేను లేచిన సంగతి నాకూ నా చెంబుకూ తప్ప ఎవరికి తెలుసు?

పక్కింటి న్యాన్‌తో చెబితే పకపకా నవ్వింది. మా వైపు పేరుతో కాక పుట్టిన వరసతోనే పిలుచుకుంటాం. "ఆరో అక్కా, ముసలాళ్లందరూ లేచేవాళ్లే! అది చీకట్లో రాయి వేసిందంతే."

ఖియేమ్ కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. దాంతో నాకు వాళ్లిద్దరి మీదా, గోడ మీది పెట్టె మీదా అనుమానం పుట్టింది.

మా డెల్టాలో మధ్యాహ్నం మంచమెక్కేవాళ్లు లేరు. అందరం వల ఊయలలోనే నడుం వాలుస్తాం. శనివారం నా ఊయలలో పొడుగు దిండును పడుకోబెట్టి, ఊయల తాడును అటూ ఇటూ తిరిగే ఫ్యానుకు కట్టాను. అది ఊగుతుంటే, నేను పెరటి దారిన న్యాన్ ఇంటికి పోయి సాయంత్రం దాకా కొబ్బరి తురుముతూ కూర్చున్నాను.

ఆదివారం ఖియేమ్ వచ్చాడు. చేపల పులుసుతో అన్నం తింటుండగా ఫోను మోగింది. ఆ తేనె గొంతే. వాడికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

"బామ్మా, నిన్న మధ్యాహ్నమంతా నిద్రపట్టక ఒకటే దొర్లారట! నడుం నొప్పా? మా దగ్గర మంచి నూనె ఉంది."

"దొర్లింది నా దిండమ్మా. దానికి రాయి నీ నూనె!"

ఫోను టక్కున పెట్టేసింది. నేను జరిగిందంతా చెప్పాను. ఖియేమ్ తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు.

"పెట్టె బిగించేటప్పుడు అది నా ఫోనులో ఏవేవో అడిగిందమ్మా. చదవకుండా అన్నిటికీ సరే అని నొక్కేశాను."

"సరే అనాల్సింది నువ్వా, నేనా?"

వాడు లేచి పెట్టె తీగ పీకేశాడు.

"మళ్లీ పడితే ఎలాగమ్మా?"

"పొద్దున్నే న్యాన్ కేక వేస్తుంది. పలక్కపోతే తలుపు తోసుకుని వస్తుంది. అది నన్ను తిడుతుందే గానీ అమ్ముకోదు."

"అదంతా ఎందుకు, నాతో పట్నం వచ్చెయ్."

"మీ ఇంట్లో ఇలాంటివి ఎన్నున్నాయిరా?"

"ముందు గదిలో ఒకటి... పిల్లల గదిలో..." వేళ్లు మడుస్తూ మడుస్తూ ఆగిపోయాడు. అన్నం సగంలోనే వదిలేసి, పెళ్లానికి ఫోను చెయ్యడానికి వాకిట్లోకి పరుగెత్తాడు.