ఇటుకలో మిగిలిన ఫోటో

కెమెరా చచ్చిపోయింది.

మార్లిస్ మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది. తెర నల్లగానే ఉంది. లోపలి జేబులో వెచ్చగా దాచుకున్న రెండో బ్యాటరీ కూడా అయిపోయింది. తప్పు చలిది కాదు, తనదే. జనవరిలో డులూత్ రేవు కాలువ గట్టున నిలబడి, తీసిన ప్రతి ఫోటోనీ తెర మీద చూసుకుని మురిసిపోతూంటే ఏ బ్యాటరీ బతుకుతుంది?

సరస్సు మీది మంచు పొగలోంచి ఓడ ముక్కు బయటపడింది. దారివ్వడానికి వంతెన పైకి లేవడం మొదలుపెట్టింది.

ఆ ఓడలో వంటవాడు వెర్న్, మార్లిస్ తమ్ముడు. మీసాలు రాని వయసులో గిన్నెలు కడగడానికి ఎక్కినవాడు, ఇవాళ్టితో దిగిపోతున్నాడు. ఎక్కిన రోజున అక్క మాటిచ్చింది, ఓడ మీద నీ ఫోటో తీసి ముందుగది గోడకి తగిలిస్తానని. మేకు అప్పుడే కొట్టింది. ఇప్పటికీ ఆ మేకు ఖాళీగానే ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఓడలో వంటగది వెనక కొసన ఉంటుంది. ముందు ముక్కు వస్తుంది, తర్వాత ఫర్లాంగు పొడవున ఇనుము, ఆఖర్న ఏప్రన్ ఊపుతూ వెర్న్. ఆ ఆఖరి క్షణంలో ఏ కెమెరా ఆమె మాట వినలేదు. మొదటిది డబ్బా కెమెరా. ఫోటో తీశాక ఫిల్మ్ తిప్పాలన్న సంగతి మరిచిపోయింది. ఒకదాని మీద ఒకటి పడి, వెర్న్ పండగ నాటి టర్కీ కోడిలో మోకాలి లోతున దిగబడి వచ్చాడు. నన్ను కూడా వండేశావా అక్కా అని ఏడాదంతా ఏడిపించాడు. తర్వాత ఫిల్మ్‌ని తనే తిప్పుకునే మోటారు కెమెరా కొంది. అది సరిగ్గా వెనక భాగం వచ్చేసరికి జుయ్యిమని ఫిల్మంతా తనలోకి చుట్టేసుకుంది. మొదటి డిజిటల్ కెమెరా మరీ పెద్దమనిషి. మీట నొక్కితే కాసేపు ఆలోచించి గాని తీసేది కాదు. ఈలోపు తమ్ముడు దాటిపోయి, నురగ మాత్రం మిగిలేది.

నిన్న ఫోన్‌లో వెర్న్ అడిగాడు. "ఈసారన్నా నేను పడతానా, ఉత్త నీళ్ళేనా?"

పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ లొరెట్టా, కెమెరా క్లబ్బులో మార్లిస్‌కి పాత జోడీ. ఆమె ఫోన్ చలికి ఎప్పుడో కన్ను మూసింది. అటుపక్క ఇంకెవరో తీస్తున్నారు గాని, వాళ్ళు తీస్తే ఏం లాభం? మాటిచ్చింది మార్లిస్.

"నీ ఇటుక ఏదే?" అంది లొరెట్టా.

మార్లిస్ తండ్రి వాడిన కెమెరా అది. ఆకారం, బరువు రెండూ ఇటుకవే. బ్యాటరీ అక్కర్లేదు.

"కార్లో ఉంది. ఫిల్మ్ అయిపోయిందిగా, వేసవి పిక్నిక్‌లో. ఫిల్మ్ తిప్పే చక్రం ఇక తిరగడం లేదు."

"ఆ ఆఖరి ఫోటో నాదే. ఎలా తీశావో మర్చిపోయావా?"

మార్లిస్‌కి చప్పున వెలిగింది. ఇటుకలో కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సుకి మూత పెట్టి ఉన్నా కంటికి అంతా చక్కగానే కనిపిస్తుంది. ఆ రోజు లొరెట్టా కేకు పళ్ళెం పట్టుకుని వయ్యారంగా నిలబడింది. మార్లిస్ క్లిక్‌మనిపించింది. మూత తీయనేలేదు. క్లబ్బంతా చప్పట్లు కొట్టింది.

అంటే ఆ ఆఖరి ముక్క మీద వెలుతురు చుక్క కూడా పడలేదు. ఫిల్మ్ తిప్పకుండానే షట్టర్‌ని మళ్ళీ బిగించవచ్చు. డబ్బాతో చేసిన పొరపాటునే ఇప్పుడు కావాలని చేస్తే చాలు.

లొరెట్టా కారు వైపు పరుగెత్తింది. మోకాళ్ళు ఒప్పుకున్నంత పరుగు. ఓడ మూడు పెద్ద కూతలు, రెండు చిన్న కూతలు కూసింది. వంతెన బదులిచ్చింది. ముక్కు దాటింది. ఇనుప గోడ సాగుతూనే ఉంది. లొరెట్టా రొప్పుతూ వచ్చి ఇటుకని చేతిలో పెట్టింది.

మార్లిస్ చేతితొడుగులు ఊడబెరికింది. మంచు మీది వెలుతురుని కంటితోనే కొలిచి అంకెలు తిప్పింది. షట్టర్ బిగించింది. అలవాటు కొద్దీ వేలు చక్రం మీదికి పోయింది. వెనక్కి లాక్కుంది. బలవంతంగా తిప్పితే ఫిల్మ్ చిరుగుతుంది. ఓడ వెనక కొసన వంటగది తలుపు తెరుచుకుంది. తెల్ల ఏప్రన్. కెమెరా కిటికీలో వెర్న్ స్పష్టంగా కనిపించాడు.

"మూత," అంది లొరెట్టా నెమ్మదిగా.

మార్లిస్ మూత పీకింది. క్లిక్.

మర్నాడు సాయంత్రం వెర్న్ అక్క ఇంటి నేలమాళిగలో ఎర్రదీపం కింద నిలబడ్డాడు. ఒంటి నిండా ఉల్లిపాయ వాసన. తొట్టెలోని మందునీళ్ళలో కాగితం కాసేపు తెల్లగానే ఉంది. ముందు ఓడ పక్కన వేలాడే మంచు కడ్డీలు తేలాయి, తర్వాత తలుపు, తర్వాత పైకెత్తిన కాఫీ కెటిల్, దాని కింద మనిషి.

వెర్న్ తొట్టె మీదికి వంగి చూశాడు.

"అక్కా," అన్నాడు, "కళ్ళు మూసుకున్నాను."

నిజమే, మూసుకున్నాడు. మార్లిస్‌కి నవ్వు ఆగలేదు. మేకుకి ఇదే ఎక్కుతుంది, మారు మాట్లాడొద్దంది.

"ఎక్కించు," అన్నాడు వెర్న్. "కళ్ళు తెరిచింది ఇంకోటి తీద్దువుగాని. మంచు కరిగేదాకా ఓడ రేవులోనే ఉంటుంది. నేను మాత్రం ఇంకెక్కడికి పోతాను?"

మార్లిస్ ఇటుకలోకి కొత్త ఫిల్మ్ ఎక్కించింది. లెన్సు మీది మూత పీకి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచు," అంది.