నీళ్లు తాగిన ఉప్పుగడ్డ

నేను ఒక ఉప్పుగడ్డను. పప్పులో వేసుకునే రకం కాదు, దానికి దూరపు చుట్టాన్ని. పేరు సోడియం అయొడైడ్. గామా కిరణం తగిలితే నాలో చిన్న మెరుపు పుడుతుంది. అందుకే నన్ను కొలిమిలో కరిగించి, సానపట్టి, అల్యూమినియం డబ్బాలో బిగించారు. నీళ్లంటే నాకు చచ్చేంత భయం.

హైదరాబాదులో నేను వకుళ అనే పరిశోధకురాలి చేతిలో పడ్డాను. ఆకాశంలో క్షణకాలం భగ్గుమనే గామా విస్ఫోటాలు ఎక్కడ పుడుతున్నాయన్నది ఆమె ప్రశ్న. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. గాలి ఆ కిరణాలను కిందికి రానివ్వదు. అందుకని నన్ను నాలుగు కాళ్ల పెట్టెలో పెట్టి, పెద్ద బెలూనుకు కట్టి పైకి పంపింది. అక్కడ ఒక్కసారి, నిజంగానే, నేను వెలిగాను. ఆ సంకేతం రేడియోలో ఆమెకు అందింది.

ఆమె గైడు పెద్దాయన నమ్మలేదు. గడ్డ పగిలి ఉంటుంది, ఆ సంకేతం దాని గోలే అన్నారు. నేను బాగున్నానని మళ్లీ పరీక్షించి చూపిస్తే తప్ప ఆమె మాట నిలవదు.

నేనేమో పారాచూట్‌తో సిద్దిపేట అవతల, ఓదెలు అనే రైతు కందిచేలో దిగాను. ఆ దెబ్బకు డబ్బా మూత వదులైంది. ఓదెలు వచ్చి దండం పెట్టి, బిందెడు నీళ్లు తెచ్చి పెట్టె పైనుంచి కాళ్ల దాకా పోశాడు. వకుళ జీపు దిగేసరికి నేను పసుపుపచ్చగా మసకబారి ఉన్నాను. ఆమె గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఓదెలు అడిగితే, తేలాక వచ్చి చెబుతానంది.

కొన్నాళ్లకు లెక్కలు సరిచూస్తే, సరిగ్గా నేను వెలిగిన క్షణంలోనే ఒక ఉపగ్రహం కూడా ఆ మెరుపును చూసిందని తేలింది. దాని ఆరిపోతున్న వెలుగు ఎక్కడో మరో గెలాక్సీలో ఉన్నట్టు దుర్భిణులు పట్టాయట. పెద్దాయన మన గడ్డ భేషుగ్గా పనిచేసిందన్నారు, మొదటి నుంచీ తామే ఆ మాట అంటున్నట్టు.

వకుళ నన్ను సంచిలో వేసుకుని ఓదెలు దగ్గరికి వెళ్లింది. ఆ మెరుపు భూమి పుట్టకముందే బయలుదేరిందని, దారంతా వచ్చి వచ్చి ఈ గడ్డలో ఆగిందని చెప్పింది. ఆ రోజు నీళ్లెందుకు పోశావని మెల్లగా అడిగింది.

ఓదెలు కాస్త నొచ్చుకున్నాడు.

"గంత దూరంకెల్లి వచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లియ్యకుంటె ఎట్ల బిడ్డా?"

వకుళ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు నేను ఆమె బల్ల మీద, గాజు సీసాలో పచ్చగా కూర్చుని ఉన్నాను. ఇక వెలగను. నీళ్లంటే మాత్రం భయం పోయింది.